గర్భసంచిలో గడ్డలు: తొందరకు ముందు విచారణ

నెలనెలా అధికరక్తస్రావముతో నీరసించి, పొత్తికడుపునందు బరువు తోచి, తుదకొకనాడు స్కానింగు చేయించుకొన్న నలువదియేండ్ల గృహిణి చేతికి వచ్చిన కాగితముపై ఫైబ్రాయిడ్లు అను మాట కనబడినంతనే, ఆ యింట బయలుదేరు సలహాలు మన తెలుగునాట నెల్లరకును పరిచితములే. పిల్లలు పుట్టిరి గదా, ఇక గర్భసంచితో పనియేమి, తీయించివేసిన పీడ విరగడయగునని ఒకరందురు. ఉంచుకొన్నచో కాన్సరుగా మారునని మరియొకరు భయపెట్టుదురు. ఈ రెండు మాటల నడుమ నలిగిన ఆ యిల్లాలు, తన దేహములోని యొక ముఖ్యావయవమును గూర్చిన నిర్ణయమును, తన యెదుట నున్న మార్గములెన్నియో తెలియకయే, రెండు మూడు దినములలో చేసివేయును.

ఈ తొందర ఫలితము లెక్కలలోనే కనబడుచున్నది. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, 15 మొదలు 49 ఏండ్ల వయస్సు గల స్త్రీలలో గర్భాశయమును తొలగించుకొన్నవారు దేశము మొత్తముమీద నూటికి సుమారు ముగ్గురు కాగా, ఆంధ్రప్రదేశమున దాదాపు తొమ్మండుగురు, తెలంగాణమున ఎనమండుగురు. వీరిలో నందరకును గడ్డలే కారణము కాదు. అధికరక్తస్రావమే కారణమని చెప్పినవారు పెక్కురు. అయినను ముట్లుడుగుటకు ముందే ఇంతమంది ఈ శస్త్రచికిత్సకు లోనగుట ఆలోచింపదగిన విషయము. అనవసరముగా గర్భాశయమును తొలగించుటను అరికట్టుటకై కేంద్ర ఆరోగ్య మంత్రిత్వశాఖ 2022లో మార్గదర్శక సూత్రములను ప్రకటించుటయు, వానిని మూడు నెలలలోగా అనుసరింపవలెనని 2023 ఏప్రిలులో సుప్రీంకోర్టు రాష్ట్రములను ఆదేశించుటయు ఈ సమస్య యొక్క తీవ్రతను చాటుచున్నవి.

కాని న్యాయస్థానపు టాజ్ఞ కాపాడగలది కొంతయే; వైద్యుని యెదుట కూర్చున్న వేళ స్త్రీకి తోడు నిలుచునది ఆమెకున్న తెలివిడియే. గర్భాశయమును తొలగించుట ఎన్నడును కూడదని చెప్పుట ఈ అధ్యాయమున నా యుద్దేశము కాదు. దానికంటె స్వల్పమైన మార్గములు కలవని తెలిసికొని, వానిని తన స్థితితో సరిచూచుకొని, ఆ పిమ్మట దేనిని స్వీకరించినను అది తాను తెలిసి చేసిన నిర్ణయమై యుండవలెనని మాత్రమే నా విన్నపము.

గడ్డ స్వభావము

గర్భాశయపు గోడ కండరముతో నిర్మితమైనది. ఆ కండరములోని యొక కణము హద్దుమీరి వృద్ధిపొంది, ఈస్ట్రోజెను, ప్రొజెస్టెరోను అను హార్మోనుల పోషణచే గట్టి ముద్దగా ఏర్పడినదే ఫైబ్రాయిడు. ఆ హార్మోనులు తగ్గినప్పుడు దానికి పోషణము తగ్గును గనుక, ముట్లుడిగిన పిమ్మట ఈ గడ్డలు సాధారణముగా కుంచించుకొనిపోవును. ఇవి ఎంత సామాన్యములనగా, అమెరికాలో జరిగిన పరిశీలనలలో ఏబదియేండ్ల ప్రాయమునకు శ్వేతజాతి స్త్రీలలో నూటికి సుమారు 70 మందికిని, నల్లజాతి స్త్రీలలో 80 మందికి పైగాను ఇవి కనబడినవి. వీరిలో అనేకులకు వీనివలన ఏ బాధయు లేదు. బాధ లేని గడ్డకు సాధారణముగా చికిత్సయు అక్కరలేదు, కాలానుగుణమైన పరీక్షయే చాలును.

ఇక కాన్సరు భయమును గూర్చి స్పష్టముగా చెప్పవలసియున్నది. ఫైబ్రాయిడు కాన్సరు కాదు. అది కాన్సరుగా మారుననుటకు తగిన ఆధారమును లేదు. గర్భాశయపు కండరమున పుట్టు సార్కోమా యను దుష్టవ్రణము మిక్కిలి యరుదు, అది వేరుగా జనించునదియే యని వైద్యుల అభిప్రాయము. అయినను చూచుటకు అది ఫైబ్రాయిడువలె నుండవచ్చును గావున, ముట్లుడిగిన పిమ్మట గడ్డ పెరుగుచున్నను, మరల రక్తము కనబడినను ఆలస్యము చేయక వైద్యుని దర్శింపవలెను. నలువదియైదేండ్లు దాటినవారికి అకాలరక్తస్రావమున్నచో, గడ్డలే కారణమని సరిపెట్టుకొనక, గర్భాశయపు లోపలిపొరనుండి చిన్న ముక్కను తీసి పరీక్షించుట ఆవశ్యకము. ఈ పరీక్ష జరిగిన పిమ్మట భయముతో నిర్ణయింపవలసిన పని యుండదు.

మూడు ప్రశ్నలు

చికిత్సామార్గమును నిర్ణయించునది గడ్డ పరిమాణము మాత్రమే కాదు. స్కానింగు కాగితముపై ఐదు సెంటీమీటర్లని యున్నంతనే బెదరిపోవు స్త్రీ, అంతకంటె ముఖ్యమైన మూడు ప్రశ్నలను వేయవలసియున్నది.

మొదటిది, గడ్డ ఎక్కడ నున్నది? గర్భాశయపు లోపలి కుహరములోనికి చొచ్చుకొనివచ్చునది యొక విధము. గోడ మధ్యభాగమున నుండునది రెండవ విధము. వెలుపలి పొరనుండి కడుపువైపు పెరుగుచు, ఒక్కొక్కప్పుడు తొడిమతో వ్రేలాడునది మూడవ విధము. ఈ స్థానభేదములను సున్న మొదలు ఎనిమిది వరకు గల అంకెలతో గుర్తించు పద్ధతిని అంతర్జాతీయ స్త్రీవైద్య ప్రసూతి సమాఖ్య 2011లో ఏర్పరచినది. కుహరములోని రెండు సెంటీమీటర్ల గడ్డ ధారాళముగా రక్తస్రావమును కలిగింపవచ్చును. వెలుపలివైపు పెరిగిన ఏడు సెంటీమీటర్ల గడ్డ ఏ బాధయు కలిగింపక యుండవచ్చును.

రెండవది, గడ్డ ఏమి చేయుచున్నది? రక్తస్రావమా, మూత్రాశయముపై ఒత్తిడియా, నడుమునొప్పియా, గర్భధారణకు ఆటంకమా? ఏ బాధకు చికిత్స కోరుచున్నామో తెలియనిచో, చికిత్స సఫలమైనదో లేదో చెప్పుట కూడ సాధ్యము కాదు.

మూడవది, నేనేమి కోరుచున్నాను? ఇక ముందు సంతానము కావలెనా? ముట్లుడుగు వయస్సు సమీపించినదా? సంతానము వద్దనుకొన్నను గర్భాశయమును నిలుపుకొనవలెనని మనస్సున నున్నదా? ఈ మూడవ ప్రశ్నకు సమాధానము ఏ స్కానింగునందును దొరకదు. అది స్త్రీ తనంతట తాను విచారించుకొని వైద్యునితో చెప్పవలసినది. చెప్పుటకు సంకోచింప నక్కరలేదు. చెప్పనిచో, పిల్లలున్న స్త్రీకి గర్భసంచి అక్కరలేదని ఎదుటివారు భావించుకొనుట మాత్రము తప్పదు.

మందులతో సాధ్యమగునది

రక్తస్రావమే ప్రధానబాధ యైనప్పుడు, శస్త్రమునకు ముందు మందులకు అవకాశమీయుట న్యాయము. ముట్టునాటి దినములలో మాత్రమే వాడు ట్రానెక్సామిక్ ఆసిడ్ మాత్రలు స్రావమును తగ్గించును. రక్తనాళములలో రక్తము గడ్డకట్టిన చరిత్ర గలవారు దానిని వాడరాదు. గర్భాశయములో నమర్చు హార్మోను లూపు, కుహరము ఆకారము చెడకుండ నున్నచో, కొన్ని సంవత్సరములపాటు స్రావమును అదుపున నుంచగలదు. కుహరములో గడ్డ యున్నచో లూపు జారిపడవచ్చును. గడ్డను కుంచింపజేయు హార్మోను ఇంజెక్షన్లు కూడ కలవు. కాని ఎముకల బలము తగ్గును గనుక, వానిని ఒంటిగా ఆరు నెలలకు మించి సాధారణముగా ఈయరు. ఆపినపిమ్మట గడ్డ మరల పెరుగును. కావున శస్త్రచికిత్సకు ముందు గడ్డను చిన్నదిచేసి, రక్తమును కూడబెట్టుకొనుటకే అవి మిక్కిలి యుపకరించును. నోటిద్వారా తీసికొను ఎలాగోలిక్స్, రెలుగోలిక్స్ అను మందులను, ఎముకలను కాపాడుటకై స్వల్పముగా హార్మోనులను చేర్చి, అమెరికా ప్రభుత్వము 2020, 2021 సంవత్సరములలో ఈ వ్యాధికి అనుమతించినది.

గడ్డను మాత్రమే తీయుట

గర్భాశయమును నిలిపి గడ్డను మాత్రమే తొలగించు శస్త్రచికిత్సకు మయోమెక్టమీ యని పేరు. గత శతాబ్దపు పూర్వార్ధమున దీనికొక గౌరవస్థానమును సంపాదించిపెట్టినవాడు లండను నగరమునందలి స్త్రీవైద్యుడు విక్టర్ బోనీ. గడ్డ కారణముగా తన భార్య గర్భాశయమునే కోల్పోయి వారికి సంతానము లేకుండుట ఆయనను ఈ మార్గమునకు పురికొల్పినది. కేవలము కాన్సరు కాని గడ్డలకొరకు పడుచుస్త్రీల గర్భాశయములను బలిపెట్టరాదని ఆయన జీవితాంతమును వాదించెను. ఆయన కాలమున దీనికై కడుపును విశాలముగా కోయవలసియుండెను. నేడు ఆ ఆవశ్యకత చాలవరకు తొలగినది.

కుహరములోని గడ్డలకు హిస్టెరోస్కోపీ యను పద్ధతి అత్యంత సులభమైనది. ఇందు కడుపుమీద గాటే యుండదు. యోనిమార్గమున సన్నని దూరదర్శినిని గర్భాశయములోనికి పంపి, కుహరమును ద్రవముతో నింపి, కంటికి కనబడు గడ్డను చిన్నచిన్న పొరలుగా కోసి తీయుదురు. అమెరికా వైద్యుడు రాబర్ట్ న్యూవర్త్ 1970 దశాబ్దమున మూత్రవైద్యుల పరికరమును ఈ పనికి మలచి దారిచూపెను. చాలమంది అదే దినమున ఇల్లు చేరి, కొలది దినములలో పనిపాటలకు మరలుదురు. గడ్డ అధికభాగము గోడలో దిగియున్నను, మిక్కిలి పెద్దదైనను ఒక్కసారితో పని ముగియకపోవచ్చును. లోపలికి పంపిన ద్రవము రక్తములో నెక్కువగా చేరకుండ లెక్కచూచుకొనుట వైద్యుని నేర్పునకు పరీక్ష.

గోడలోను వెలుపలను ఉన్న గడ్డలకు ల్యాప్రోస్కోపీ, అనగా జనులు కీహోల్ ఆపరేషనని పిలుచునది, ఉపయోగపడును. జర్మనీ దేశమున కీల్ నగరమందలి కుర్ట్ సెమ్ ఈ విద్యకు ఆద్యులలో ఒకడు. మూడు నాలుగు చిన్న రంధ్రములగుండ పరికరములను పంపి, గడ్డను వొలిచితీసి, గర్భాశయపు గోడను పొరలుపొరలుగా కుట్టుదురు. కోయుటకంటె కుట్టుటయే ఇందు క్లిష్టమైన పని. గోడ బలహీనమైనచో తరువాతి గర్భధారణ కాలమున అది పగులు ప్రమాదముండును. అందువలననే గోడలో లోతుగా కోయవలసివచ్చిన స్త్రీని కొన్ని మాసములు గర్భధారణకు ఆగుమనియు, కాన్పు సిజేరియను ద్వారా జరుగుట మేలనియు వైద్యులు చెప్పుదురు. తీసిన గడ్డను చిన్న రంధ్రమునుండి బయటికి తెచ్చుటకై యంత్రముతో తునుకలు చేయునప్పుడు, అందు దాగిన కాన్సరున్నచో కడుపంతయు వ్యాపింపగలదని అమెరికా ఔషధనియంత్రణ సంస్థ 2014లో హెచ్చరించినది. కావున గడ్డను సంచిలోనుంచి తునుకలు చేయుదురా యని ముందుగా అడుగుట రోగి హక్కు. అనేకమైన గడ్డలున్నప్పుడు కడుపుకోసి చేయు పాతపద్ధతియే సురక్షితమని వైద్యుడు చెప్పినచో, అది ఆయన చేతగానితనమని తలపరాదు. ఏ పద్ధతిలో తీసినను, కాలక్రమమున క్రొత్త గడ్డలు పుట్టవచ్చునను సత్యమును కూడ ముందే గ్రహించియుండవలెను.

రక్తప్రసారమును నిరోధించుట

శస్త్రమే లేకుండ గడ్డను కృశింపజేయు మార్గమొకటి కలదు. మనవారిలో నెక్కువమందికి దీని పేరే తెలియదు. పిల్లకాలువకు అడ్డుకట్ట వేసినచో దాని క్రింది మడి యెండిపోవునట్లు, గడ్డకు రక్తమునందించు ధమనులను మూసివేసినచో గడ్డ పోషణలేక ముడుచుకొనిపోవును. దీనికి ఎంబొలైజేషనని పేరు. పారిస్ నగరమున జాక్ రవీనా యను వైద్యుడు, శస్త్రచికిత్సలో రక్తము పోకుండ ముందుగా ఈ పనిచేయగా, కొందరు స్త్రీలకు బాధలన్నియు తగ్గి శస్త్రచికిత్సయే అక్కరలేకపోవుటను గమనించి, 1995లో లాన్సెట్ పత్రికయందు ప్రకటించెను. 2004 నవంబరులో అమెరికా విదేశాంగమంత్రి పదవికి నామనిర్దేశము పొందిన కొండొలీజా రైస్, అదే నెలలో వాషింగ్టను నగరమునందలి జార్జిటౌన్ విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో ఈ చికిత్సను పొందిన వార్త పత్రికలలో వెలువడిన పిమ్మట దీని పేరు ఆ దేశపు సామాన్యులకు చేరినది.

ఈ పని చేయువాడు స్త్రీవైద్యుడు కాడు, ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టు. గజ్జవద్దనో మణికట్టువద్దనో ధమనిలోనికి సన్నని గొట్టమును పంపి, ఎక్స్‌రే వెలుగులో గర్భాశయధమనుల వరకు నడిపించి, అర మిల్లీమీటరు మొదలు దానికి కొంచెము పైబడిన పరిమాణముగల సూక్ష్మకణములను విడుచును. మత్తు మందుతో నిద్రపుచ్చవలసిన పని సాధారణముగా నుండదు. మొదటి దినమున తీవ్రమైన నొప్పియు, ఆ పిమ్మట కొలదిదినములు స్వల్పజ్వరమును, వికారమును ఉండుట సహజము. దానికై ముందే నొప్పినివారణను ఏర్పాటుచేయుదురు. ఒకటి రెండు వారములలో పనిపాటలు సాగును. ఆరు నెలలలో గడ్డ సుమారు సగమునకు తగ్గుట సాధారణము. పదింట ఎనిమిది తొమ్మిదిమందికి అధికరక్తస్రావము శమించును. తరువాత జ్వరము మిక్కుటమైనను, దుర్వాసనతో స్రావము వచ్చినను అది ఇన్ఫెక్షను చిహ్నము గావున వెంటనే ఆసుపత్రికి పోవలెను.

బ్రిటను దేశమున శస్త్రచికిత్సతో దీనిని పోల్చి 2007లో ప్రకటించిన పరిశోధనలో, ఆసుపత్రిలో గడపిన కాలము శస్త్రచికిత్సకు ఐదు దినములు కాగా, దీనికి ఒక్క దినము మాత్రమే. నెదర్లాండ్సు దేశమున పది సంవత్సరములు వెంబడించిన పరిశోధనలో, ఈ చికిత్స పొందినవారిలో సుమారు మూడింట రెండు వంతుల మంది గర్భాశయమును నిలుపుకొనిరి. అనగా మిగిలిన మూడవ వంతు మందికి తుదకు దానిని తీయవలసియే వచ్చినది. 254 మంది స్త్రీలతో, దీనిని మయోమెక్టమీతో పోల్చి జరిపి 2020లో ప్రకటించిన బ్రిటిషు పరిశోధనలో, రెండేండ్లకు రెండు వర్గములవారికిని మేలు కలిగినను, గడ్డను మాత్రమే తీయించుకొన్నవారి జీవనసౌఖ్యము కొంత మెరుగుగా నుండెను. గర్భిణులకును, ఇన్ఫెక్షను గలవారికిని, కాన్సరు అనుమానమున్నవారికిని ఇది పనికిరాదు. సంతానమును కోరువారికి సాధారణముగా మయోమెక్టమీయే మేలని వైద్యులు చెప్పుదురు. నలువదియైదేండ్లు పైబడినవారిలో కొందరకు దీనివలన ముట్లు ముందుగా నిలిచిపోవుటయు కలదు.

ఉష్ణముతో గడ్డను నశింపజేయుట

ధ్వనితరంగములను ఒక్క బిందువునందు కేంద్రీకరించి, ఆ తాపముచే గడ్డలోని కణములను నశింపజేయు విధానమొకటి కలదు. ఎమ్మారై యంత్రము గడ్డను చూపుచు, వేడిమిని కొలుచుచుండగా, చర్మమును కోయకయే పని జరుగును. 2004లో అమెరికాలో దీనికి అనుమతి లభించినది. చీనాదేశమున అల్ట్రాసౌండు స్కానింగు సహాయముతోనే దీనిని నడుపు పద్ధతి విస్తరించినది. తరంగముల దారికి ప్రేగులు అడ్డువచ్చినను, గడ్డలు అనేకములైనను ఇది సాధ్యపడదు. రేడియో తరంగముల సూదిని గడ్డలోనికి గ్రుచ్చి వేడిచేయు పద్ధతియు కలదు. ఇవి అన్ని పట్టణములలో లభించునవి కావు. లభించుచోటను ముందుగా ఎమ్మారై పరీక్షలో గడ్డ అందుకు తగినదని తేలవలెను.

గర్భాశయమును తీయుట తగినప్పుడు

కొందరు స్త్రీలకు గర్భాశయమును తొలగించుటయే సరియైన చికిత్స. కాన్సరు తేలినప్పుడు, గర్భాశయము కడుపంతయు నిండి ఇతరమార్గములు విఫలమైనప్పుడు, సంతానాపేక్ష తీరి గడ్డలు మరల రాని శాశ్వతోపశమనమును ఆమెయే కోరినప్పుడు, దానిని నిందింపరాదు. అప్పుడును చిన్నమార్గమేదని అడుగవలెను: యోనిమార్గమున తీయుట మొదటిది, ల్యాప్రోస్కోపీతో తీయుట రెండవది, కడుపుకోత తక్కిన రెండును కుదరనప్పుడే. అంతకంటె ముఖ్యముగా, అండాశయములను కూడ తీయుదురా, తీసినచో కారణమేమని అడుగవలెను. ఆరోగ్యవంతమైన అండాశయములను చిన్న వయస్సున తీసినచో ముట్లు ఆకస్మికముగా ఉడుగుటయేకాక, ఎముకలు గుల్లబారుటయు, హృద్రోగభయమును హెచ్చును. నిలిపినను, గర్భాశయము పోయినవారిలో అవి కొంత ముందుగా ఉడుగునని పరిశీలనలు తెలుపుచున్నవి.

నిర్ణయమునకు పూర్వము చేయవలసినవి

మొదట రక్తమును సరిచేసికొనుము. హిమోగ్లోబిను 12 గ్రాములకు తగ్గిన స్త్రీ రక్తహీనురాలు. 2019–21 సర్వే ప్రకారము మన రెండు రాష్ట్రములలోను సగముకంటె నెక్కువమంది స్త్రీలు ఈ స్థితిలోనే యున్నారు. ఇనుము మాత్రలతోనో, వైద్యుడు చెప్పినచో నరమునకిచ్చు ఇనుము ఇంజెక్షనుతోనో రక్తము పెరిగిన పిమ్మట ఏ చికిత్స యైనను సురక్షితముగా జరుగును. నీరసము తగ్గిన మనస్సు ఆలోచించుటకును సమర్థమగును. అయితే గంటకొక ప్యాడు తడియునంత రక్తము పోవుచు కన్నులు తిరుగునప్పుడు ఆలోచనకు కాలము కాదు; తత్‌క్షణమే ఆసుపత్రికి పోవలెను.

రెండవది, ఒక చిన్న పుస్తకమున రెండు మూడు నెలల ముట్లను వ్రాసియుంచుము: ఎన్ని దినములు, దినమునకెన్ని ప్యాడ్లు, రక్తము గడ్డలుగా పడినదా, పని మానవలసివచ్చినదా. “చాలా పోవుచున్నదండీ” అను మాటకంటె ఈ లెక్క వైద్యునకు వేయిరెట్లు ఉపకరించును.

మూడవది, వైద్యుని యెదుట ఈ ప్రశ్నలను వ్రాసికొని చదువుము; చదువుటకు సిగ్గుపడవలదు. నా గడ్డలెన్ని, ఎక్కడ నున్నవి? నా బాధకు అవియే కారణమని ఎట్లు తెలిసినది? ఆరు నెలలు మందులతో చూచినచో నష్టమేమి? గర్భాశయమును నిలుపు మార్గములలో నాకేవి తగును, ఏవి తగవు, ఎందువలన? ఈ చికిత్సను మీరు తరచుగా చేయుదురా, లేక చేయువారివద్దకు పంపుదురా? మరల గడ్డలు వచ్చుట కెంత అవకాశము? అన్నియు కలిసి ఖర్చెంత, ఆరోగ్యశ్రీ గాని బీమా గాని దీనికి వర్తించునా?

నాలుగవది, రెండవ వైద్యుని అభిప్రాయమును తీసికొనుము. ఎంబొలైజేషను చేయు రేడియాలజిస్టు హైదరాబాదు వంటి నగరములలోని పెద్ద ఆసుపత్రులలో కలడు. స్త్రీవైద్యుడు తానుగా ఆ పేరు చెప్పనిచో నీవే అడుగుము. ఏ వైద్యుడును తాను చేయు చికిత్సనే ముందుగా తలచుట మానవస్వభావము, అందు దురుద్దేశమును వెదకనక్కరలేదు. కాని ఇద్దరు వైద్యుల మాటలను విన్న పిమ్మటనే ఆ స్వభావమునకు తూకము లభించును.

ఐదవది, భర్తనో, అక్కనో, ఎదిగిన కుమార్తెనో వెంటబెట్టుకొనిపొమ్ము. భయపడిన చెవికి సగము మాటలు వినబడవు. వెంట వచ్చినవారు విని, వ్రాసికొని, ఇంటికి వచ్చిన పిమ్మట గుర్తుచేయగలరు. కాని నిర్ణయమును వారికి విడిచిపెట్టవలదు.

ఫైబ్రాయిడు నెమ్మదిగా పెరుగు వ్యాధి. ప్రాణాపాయమైన రక్తస్రావమును, కాన్సరు అనుమానమును లేనంతవరకు, ఒకటి రెండు నెలలు విచారించుటవలన ఎవరికిని కీడు కలుగదు. విచారింపక తీయించుకొన్న అవయవమును మాత్రము ఎవ్వరును తిరిగి ఈయజాలరు. ఈ వ్యవధిని వృథాచేయక, రక్తమును కూడబెట్టుకొని, పుస్తకమున వ్రాసికొని, ఇద్దరినడిగి, తనకేమి కావలెనో తానే తేల్చుకొన్న స్త్రీ ఏ మార్గమున నడచినను, తరువాత తనను తాను నిందించుకొనవలసిన పని యుండదు. నీ స్కానింగు కాగితమును నేడే తీసి, గడ్డ ఎక్కడ నున్నదను మొదటి ప్రశ్నకు అందు సమాధానమున్నదో లేదో చూడుము. లేనిచో, రేపు వైద్యునితో ఆ మాటతోనే ప్రారంభింపుము.